ఏ భాగం వెనకబడిందో తేలాకే పర్సు తీయండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందిది ఒకటే అవస్థ. పగలు ఎడిటింగ్‌కూ రాత్రి గేమ్స్‌కూ ఒకే కంప్యూటర్, అది కాస్తా నత్తనడక పట్టింది, షాపుకెళ్తే మొత్తం మార్చమంటున్నారు. ఒక చిన్న మాట ముందే చెబుతున్నాం. పెట్టె మొత్తాన్ని ‘సీపీయూ’ అనడం మనకు అలవాటు. ఇక్కడ మాత్రం పెట్టెను క్యాబినెట్ అనీ, లోపలి చిప్‌ను ప్రాసెసర్ అనీ రాస్తున్నాం. లేకపోతే సగం జవాబులు తలకిందులవుతాయి.

ప్రశ్న: పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. 2019లో కొన్న పీసీ: రైజెన్ 5 2600, బి450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1650 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, 2 టీబీ హార్డ్ డిస్క్. ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై) క్యాబినెట్‌తో పాటు వచ్చిందే. సోనీ ఏ7 3 కెమెరా ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఏ7 4 తీసుకున్నప్పటి నుంచి ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ కదలనంటోంది. షాపతను అన్నీ పాతబడ్డాయి, కొత్త సెట్ తీసుకోండి అంటున్నాడు. రాత్రి కాసేపు గేమ్స్ కూడా ఆడతాను. ఏవి మార్చాలి, ఏవి ఉంచుకోవచ్చు?
– వీడియో ఎడిటర్, తణుకు

జవాబు: పీసీ రాత్రికి రాత్రి ముసలిదైపోలేదండీ, కెమెరా మారింది. ఏ7 3 రికార్డు చేసేది 8-బిట్ 4:2:0 వీడియో. దాన్ని విప్పి చూపించే ప్రత్యేక సర్క్యూట్ మీ 1650లో ఉంది కాబట్టి ప్రాసెసర్‌కు శ్రమ తెలియలేదు. ఏ7 4లో మీరు బహుశా 10-బిట్ 4:2:2 పెట్టి తీస్తున్నారు. రంగుల సమాచారం ఎక్కువ ఉండే ఈ రకాన్ని విప్పే సర్క్యూట్ 1650లో లేదు. ఆ మాటకొస్తే ఎన్విడియా 20, 30, 40 సిరీస్ కార్డుల్లో ఎంత ఖరీదైనదాంట్లోనూ లేదు. 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే వచ్చింది. అందుకే ఇప్పుడు ప్రతి ఫ్రేమూ మీ ఆరు కోర్ల ప్రాసెసరే చేత్తో విప్పినట్టు విప్పుతోంది.

మా మాట నమ్మక్కర్లేదు, మీరే చూడండి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ (అంటే గ్రాఫిక్స్ కార్డు) మీద నొక్కండి. అక్కడ నాలుగు గ్రాఫులుంటాయి. ఒకదాన్ని ‘వీడియో డీకోడ్’కు మార్చి పెట్టుకుని, ప్రీమియర్‌లో ఏ ఎఫెక్టూ వేయని క్లిప్పును ప్లే చేయండి. ఏ7 3 క్లిప్పుకు ఆ గీత పైకి లేస్తుంది. ఏ7 4 క్లిప్పుకు నేలకు అతుక్కుపోయి, ప్రాసెసర్ గ్రాఫు 90–100 శాతం దగ్గర తిరుగుతుంటే జబ్బు ఇదే. ప్రాసెసర్ ఖాళీగా ఉండి డిస్క్ గ్రాఫు 100 దగ్గర ఉంటే మాత్రం తప్పు హార్డ్ డిస్క్‌ది.

డబ్బు పెట్టేలోగా ఈ సీజన్ గట్టెక్కడానికి దారులు రెండున్నాయి. మొదటిది ప్రాక్సీలు, అంటే అసలు ఫైళ్లకు తేలికపాటి నకళ్లు. ఫుటేజ్ దింపగానే 1280×720లో ప్రోరెస్ ప్రాక్సీ రకానివి తయారు చేయమని రాత్రి పెట్టేసి పడుకోండి. పొద్దున వాటి మీద కట్టింగ్ చేసుకోండి. ఎక్స్‌పోర్ట్ అప్పుడు ప్రీమియర్ అసలు ఫైళ్లనే తీసుకుంటుంది, క్వాలిటీ ఏమీ తగ్గదు. రెండోది కెమెరాలోనే ఉంది. ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ ఫార్మాట్‌లో 10-బిట్ 4:2:0 ఎంచుకుంటే అది హెచ్‌ఈవీసీ అవుతుంది. దాన్ని మీ 1650 కూడా విప్పగలదు. పెళ్లి వీడియోకు 4:2:0కీ 4:2:2కీ తేడా మామూలు కంటికి దొరకడం కష్టం. గ్రీన్ మ్యాట్ వాడే ప్రీ-వెడ్డింగ్ షూట్లకు మాత్రం 4:2:2 ఉంచుకోండి. భారం తగ్గుతుందని 8-బిట్‌కు దిగి, ఎస్-లాగ్3లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి చప్పగా తీసే పద్ధతి) తీయడం మాత్రం వద్దు. గ్రేడింగ్‌లో మండపం వెనక గోడ మీద మెట్లు మెట్లుగా చారలొస్తాయి.

ఇక కొనడం. ముందు గ్రాఫిక్స్ కార్డు, అందులో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ. ఇదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు, పెట్టె మీద పెద్ద తేడా కనిపించదు, చూసి తీసుకోండి. 16 అని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ కార్డు బోర్డుతో ఎనిమిది లేన్ల (డేటా దారుల) మీదే మాట్లాడుతుంది. మీ బి450లో ఆ దారులు పాత తరానివి (పీసీఐఈ 3.0) కాబట్టి ఆ దారి ఇంకా ఇరుకు. కార్డులో మెమరీ సరిపోతే ఇరుకు పెద్దగా తెలియదు. 8 జీబీ నిండిపోయి మిగతాది ర్యామ్‌లోకి పొర్లితే మాత్రం ప్రతిదీ ఆ ఇరుకు సందులోంచే రావాలి. గేమ్‌లో కుదుపులు, 4కేలో నాయిస్ రిడక్షన్ వేస్తే మెమరీ నిండిందని మెసేజ్. కార్డు పెట్టాక ప్రీమియర్‌నీ ఎన్విడియా డ్రైవర్‌నీ కొత్త వెర్షన్లకు మార్చండి. పాత ప్రీమియర్‌కు ఈ కార్డులో 4:2:2 సర్క్యూట్ ఉందన్న సంగతే తెలియదు.

ఎన్విడియాయే ఎందుకు, వీడియో విప్పడానికి ఇంటెల్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ ఉందిగా అని అడిగేవాళ్లుంటారు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ హెచ్‌ఈవీసీ 4:2:2ని చక్కగా విప్పుతుంది, నిజమే. కానీ ఏ7 4లో ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటే హెచ్.264. దాంట్లో 4:2:2 అయితే క్విక్ సింక్ చేతులెత్తేస్తుంది. 50 సిరీస్ రెండింటినీ విప్పుతుంది. ప్రీమియర్ కాక ఎడియస్ మీద పనిచేసే స్టూడియోల లెక్క వేరు. ఎడియస్ చాలాకాలం క్విక్ సింక్‌నే నమ్ముకుంది కాబట్టి వాళ్లు ఇంటెల్ వదలకపోవడమే మంచిది.

రెండోది ఎస్‌ఎమ్‌పీఎస్. నిజానికి ఇది కార్డుతో పాటే కొనాలి. పాతదాని పక్కనున్న స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి చూడండి. పైన 450 వాట్స్ అని పెద్దక్షరాలు, 12 వోల్టుల కింద 18 ఆంపియర్లు అని ఉంటే అది నిజంగా ఇచ్చేది 216 వాట్లు. కార్డూ ప్రాసెసరూ తినేది ఆ 12 వోల్టుల నుంచే. కొత్త కార్డుకు 180, ప్రాసెసర్‌కు గరిష్ఠంగా 76, మిగతావాటికి ఓ 60 వేసుకోండి, 320 దాకా తేలుతుంది. మంచి కంపెనీ 550 సరిపోతుంది, 650 ఉంటే నిశ్చింత. అంత పెట్టి కార్డు కొని ఎస్‌ఎమ్‌పీఎస్ దగ్గర పీనాసితనం చేస్తే ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టే. మాడ్యులర్ రకం (కేబుళ్లు విడిగా ఊడొచ్చేది) తీసుకుంటే పాతదాని కేబుళ్లు పొరపాటున కూడా కొత్తదానికి పెట్టకండి. కనెక్టర్ పడుతుంది కానీ లోపల తీగల వరస కంపెనీకో రకం. డ్రైవులు కాలిపోతాయి.

మూడోది ప్రాసెసర్, అది కూడా బోర్డు మార్చకుండా. రైజెన్ 7 5700ఎక్స్ తీసుకోండి. కోర్లు ఆరు నుంచి ఎనిమిదవుతాయి, కరెంటు వాడకం మీ 2600 లాగే 65 వాట్ల తరగతి కనుక బోర్డుకు బరువు కాదు. ఇది బాక్స్‌లో కూలర్ లేకుండా వస్తుంది, మీ పాత చిన్న కూలర్ ఎక్స్‌పోర్ట్ వేడికి చాలదు. నాలుగు హీట్‌పైపుల టవర్ కూలర్ ఒకటి తెచ్చుకోండి. గేమ్సే ముఖ్యమైతే పేరు చివర ఎక్స్3డీ ఉన్న రకాలు మెరుగు. మీ పనికి 5700ఎక్స్ చాలు.

కొత్త ప్రాసెసర్‌ను బోర్డు గుర్తుపట్టాలంటే బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే చేయాలి. కొత్తది పెట్టాక స్క్రీన్ నల్లగా ఉందని రాసేవాళ్లలో సగం మంది ఈ వరస తప్పినవాళ్లే. స్టార్ట్‌లో ఎంఎస్‌ఇన్‌ఫో32 అని కొడితే బోర్డు మోడల్, బయోస్ వెర్షన్ కనిపిస్తాయి. బోర్డు కంపెనీ సైట్‌లో సరిగ్గా అదే మోడల్, రివిజన్ నంబరుతో సహా సరిపోల్చి, రైజెన్ 5000కు పనికొచ్చే బయోస్ దింపండి. కొన్ని బోర్డులకు మధ్యలో ఒక వెర్షన్ వేసి తర్వాత కొత్తది వేయమని రాసి ఉంటుంది, ఆ నోట్ చదవండి. ఫైలును ఫ్యాట్32 చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టి బయోస్‌లోంచే ఫ్లాష్ చేయాలి. నాలుగైదు నిమిషాల పని. ఆ కాసేపూ కరెంటు పోకూడదు, యూపీఎస్ ఉండాలి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు వేసే తాళం) ఆన్‌లో ఉంటే ముందే సస్పెండ్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ప్రాసెసర్ మారగానే ఆ తాళంచెవి దాచే టీపీఎమ్ కూడా మారుతుంది. తొలిసారి ఆన్ చేసినప్పుడు ‘వై’ నొక్కమంటూ నల్లతెర వస్తుంది. కీ దగ్గర లేకుండా నొక్కితే మీ సీ డ్రైవ్‌కు మీరే పరాయివాళ్లు.

పాత ప్రాసెసర్ తీసేటప్పుడు జాగ్రత్త. మీ బోర్డులోని ఏఎమ్4 సాకెట్‌లో కూర్చునే ప్రాసెసర్ కింద పిన్నులుంటాయి. సాకెట్ దాన్ని గట్టిగా పట్టుకోదు. ఆరేళ్ల నాటి పేస్టు గట్టిపడి కూలర్‌కు అతుక్కుంటే, కూలర్ లాగగానే ప్రాసెసర్ లాక్‌తో సహా ఊడి చేతికొస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకని విప్పే ముందు ఏదైనా ఎక్స్‌పోర్ట్ పది నిమిషాలు నడిపి వేడెక్కించండి. ఆపి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ను పైకి లాగకుండా కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పట్టు వదిలిన చప్పుడు చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తండి. వంగిన పిన్ను ఒకటో రెండో ఉంటే ఏటీఎమ్ కార్డు అంచుతో వరసకు తేవచ్చు. విరిగితే కథ ముగిసినట్టే.

స్టోరేజ్ లెక్క చూద్దాం. 140 ఎంబీపీఎస్ ఫుటేజ్ అంటే సెకనుకు 17.5 ఎంబీ, గంటకు 63 జీబీ. ఆరు గంటల పెళ్లి 378 జీబీ. సెకనుకు 17.5 ఎంబీ మీ హార్డ్ డిస్క్ కూడా ఇవ్వగలదు. కానీ మూడు కెమెరాల మల్టీక్యామ్, పైన క్యాషే ఫైళ్లు కలిసేసరికి దాని ముల్లు అటూ ఇటూ పరుగులు పెట్టి అలిసిపోతుంది. 2 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి చాలు, లోపలి చిప్పులు టీఎల్‌సీ రకం ఉన్నది చూసుకోండి. క్యూఎల్‌సీ అయితే నిండే కొద్దీ రాసే వేగం హార్డ్ డిస్క్ కంటే కిందికి పోవచ్చు. సెకనుకు 7000 ఎంబీ అని రాసున్నవాటికి అదనంగా ఇవ్వకండి, మీ బోర్డులో అది 3500 దగ్గరే ఆగుతుంది. ఈ ఎస్‌ఎస్‌డీని రెండో ఎం.2 స్లాట్‌లో పెడితే కొన్ని బోర్డుల్లో రెండు సాటా పోర్టులు మూగబోతాయి. డిస్క్ కనిపించట్లేదని కంగారుపడేలోగా పోర్టు మార్చి చూడండి. పాత 2 టీబీని ఆర్కైవ్‌కు ఉంచండి, దానికి ఇంకో జత కూడా. తాళి మళ్లీ కట్టించలేం కదా.

ర్యామ్ చివరికి వదిలాం. మీ పనికి 32 జీబీ కావాలి. కానీ 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఆకాశంలో ఉన్నాయి. ఏఐ సర్వర్ల కోసం చిప్పులన్నీ అటు పోతున్నాయి, మైక్రాన్ అయితే తన క్రూషియల్ బ్రాండ్‌తో మామూలు జనానికి అమ్మడమే మానేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. మీ బోర్డులో స్లాట్లు నాలుగుంటే పాత రెండూ ఉంచి, అదే వేగంలో 8 జీబీవి రెండు చేర్చండి. నాలుగింటితో తడబడితే 3200 నుంచి 2933కు తగ్గించండి. షాపతను చెప్పిన కొత్త సెట్ అంటే కొత్త తరం డీడీఆర్5 ర్యామ్, అంటే ఉన్న ర్యామ్ కూడా పారేసి ఇప్పటి ధరకు మళ్లీ కొనడం. ఈ రోజుల్లో ఆ సలహా మీ ప్రయోజనం కోసం ఇచ్చింది కాదు.

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్నాను. పాత ఆఫీసు పీసీ తీసేసి కొత్తది కట్టించుకోవాలి. వాలరెంట్, జీటీఏ 5 ఆడతాను, ఫోన్‌తో తీసి యూట్యూబ్‌లో పెడతాను. ఐ5-14400ఎఫ్ తీసుకోవాలా, రైజెన్ 5 7600 తీసుకోవాలా? పాతదాంట్లో డీడీఆర్4 8 జీబీ 3200వి రెండున్నాయి.
– విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీ ఆఖరి వాక్యమే తీర్పు మార్చేసింది. ఆ రెండు స్టిక్కులు ఇప్పుడు బంగారం. ఇంటెల్ 12, 13, 14 తరాలకు డీడీఆర్4 బోర్డులు దొరుకుతాయి. రైజెన్ 7600 కూర్చునే ఏఎమ్5 సాకెట్‌కు డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు. కాబట్టి బి660 లేదా బి760లో డీడీఆర్4 అని స్పష్టంగా ఉన్న బోర్డు, దాని మీద ఐ5-12400. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు పెట్టండి. హెచ్610 బోర్డు చవకే కానీ ర్యామ్ స్లాట్లు రెండే. రేపు 32 జీబీ కావాలంటే ఉన్నవి తీసేయాలి. ముందు చూసుకోవాల్సింది ఆ స్టిక్కులు పొడుగువా పొట్టివా అని. ఆఫీసు పీసీల్లో చిన్న సైజువాటికి లాప్‌టాప్ స్టిక్కులు వేసి ఉంటాయి, అవి ఈ బోర్డులో పట్టవు.

ఎఫ్ అక్షరం సంగతి. ఎఫ్ ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. మీ ఫోన్ వీడియోకు పెద్ద నష్టం లేదు, దాన్ని ఏ కొత్త కార్డైనా విప్పుతుంది. అయినా ధరలో తేడా కొద్దిగా ఉంటే ఎఫ్ లేనిదే కొనమంటాం. కార్డు రిపేరుకు పోయిన రోజున కేబుల్ బోర్డుకు పెట్టుకుని పరీక్షలకు చదువుకోవచ్చు. తప్పు కార్డుదా, బోర్డుదా అన్నది కూడా ఇంట్లోనే తేలుతుంది.

స్టిక్కులు పనికిరావని తేలితే ఏఎమ్5కు వెళ్లండి. ఈ ఇంటెల్ ప్రాసెసర్ల ఎల్‌జీఏ1700 సాకెట్‌ను వదిలి ఇంటెల్ తర్వాతి తరానికి వేరే సాకెట్ పెట్టింది. ఏఎమ్5ను 2027 దాటే దాకా నడుపుతామని ఏఎమ్‌డీ చెప్పింది. 7600లో చిన్నపాటి గ్రాఫిక్స్ కూడా ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఐ5-13600కే, ఐ7 లాంటివి దొరికితే ఓ మాట గుర్తుంచుకోండి. 13, 14 తరాల్లో ఎక్కువ కరెంటు తాగే రకాలకు వోల్టేజ్ తప్పిదం వల్ల మెల్లగా పాడయ్యే లక్షణం ఉండేది. 2024 సెప్టెంబరులో వచ్చిన 0ఎక్స్12బీ మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే సవరణ) దాన్ని ఆపుతుంది కానీ అప్పటికే పాడైనదాన్ని బాగుచేయదు.

ఫోన్ వీడియోలో పది నిమిషాలు దాటాక పెదాలకూ మాటకూ పొంతన తప్పుతుంటే పీసీ మీద అనుమానపడకండి. ఫోన్లు ఫ్రేమ్ రేటును వెలుతురును బట్టి మారుస్తూ పోతాయి. హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ పెట్టి మార్చుకున్నాక టైమ్‌లైన్‌లో వేయండి.

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 5070 వేయించాను. గేమ్ ఆడుతుండగా కరెంటు పోతే పీసీ టక్కున ఆగిపోతోంది. ఊరికే బ్రౌజింగ్‌లో ఉన్నప్పుడు పోతే ఏమీ కావట్లేదు. 600 వీఏ యూపీఎస్ ఉంది, బ్యాటరీ కొత్తది. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోంది కూడా. ఇన్వర్టర్ మీద పెట్టేయొచ్చా?
– నెల్లూరు

జవాబు: యూపీఎస్ తప్పేమీ లేదు, దాని శక్తికి మించిన బరువు పెట్టారు. 600 వీఏ అని అమ్మేవి మామూలుగా ఇచ్చేది 360 వాట్లు. గేమ్‌లో మీ కార్డు 250, ప్రాసెసర్ ఓ 100, మిగతావి 50, మొత్తం 400. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో వేడిగా పోయేది కలిపితే గోడ దగ్గర 450. మానిటర్ అదనం. కరెంటు ఉన్నంతసేపూ యూపీఎస్ గోడ కరెంటునే నేరుగా పంపేస్తుంది కాబట్టి తెలియదు. బ్యాటరీ మీదికి రాగానే ఓవర్‌లోడ్ అని ఆపేస్తుంది. బ్రౌజింగ్‌లో 100 దాటదు కాబట్టి నిలబడుతోంది. 1100 వీఏ రకం సాధారణంగా 660 వాట్లు ఇస్తుంది, మీకది సరిపోతుంది. వీఏ కంటే వాట్ల అంకె చూసి కొనండి. ప్రింటర్‌నీ స్పీకర్లనూ దాని వెనక తగిలించకండి. చవక యూపీఎస్‌లు ఇచ్చే మెట్ల ఆకారపు కరెంటుకు కొన్ని కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్‌లు అలుగుతాయి. సరిపడా వాట్లున్నా ఆగిపోతుంటే ప్యూర్ సైన్‌వేవ్ రకం వాడాలి.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్‌దై, వెనక స్విచ్ ‘యూపీఎస్’ మోడ్‌లో ఉంటే పని జరుగుతుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ తన కెపాసిటర్లలోని నిల్వతో 16–17 మిల్లీ సెకన్లు ఊపిరి బిగపట్టగలదు. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అంతకంటే ఆలస్యంగా అందుకుంటుంది. ఫ్యాన్లూ లైట్లూ ఉన్న ఇన్వర్టర్ మీద ఇంకో 450 వాట్లు పెడితే చీకట్లో అందరూ మిమ్మల్నే తిడతారు, అది వేరే సంగతి.

జివ్వుమనడాన్ని మాత్రం ఈ రోజే చూపించండి. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్త్‌కు వదులుతాయి. ఎర్త్ తీగ లేకపోతే అది క్యాబినెట్ మీదే నిలిచి సుమారు 115 వోల్టులు చూపిస్తుంది. మనిషికి ప్రాణాపాయం కాకపోవచ్చు. కానీ టీవీకో స్పీకర్‌కో కేబుల్ పెట్టేటప్పుడు హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు మాడిపోవడం చాలాసార్లు దీనివల్లే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎర్త్ పిన్‌ను న్యూట్రల్‌కు కలిపేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన రోజున క్యాబినెట్ మొత్తం 230 వోల్టులు.

ప్రశ్న: 16 జీబీ ఉన్నదానికి ఇంకో 16 జీబీ స్టిక్ వేశాను. గేమ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పెరగకపోగా ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మధ్యలో మూసుకుపోతోంది.
– అమలాపురం

జవాబు: ఏ స్లాట్లలో పెట్టారో చూడండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ. పక్కపక్కన పెడితే రెండూ ఒకే చానెల్‌లో, అంటే ఒకే దారిలో పడతాయి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం చూడండి. 3200 కొన్నా 2133 లేదా 2400 కనిపిస్తే బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ను రాసున్న వేగానికి తెచ్చే సెట్టింగ్) ఆన్ చేయలేదన్నమాట.

మూసుకుపోవడానికి కారణం ఎక్కువగా జోడీ కుదరకపోవడం. పెట్టె మీద ఒకే నంబరున్నా లోపలి చిప్పులు వేరై ఉండొచ్చు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి నాలుగు రౌండ్లూ నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయకూడదు. స్టిక్కులు ఒక్కొక్కటిగా పరీక్షించండి. విడివిడిగా రెండూ మంచివే, కలిస్తేనే ఎర్రర్లొస్తున్నాయి అంటే వేగం ఒక మెట్టు తగ్గించి చూడండి. దానికీ లొంగకపోతే కొత్తదాన్ని వెనక్కిచ్చేయడమే.

ప్రశ్న: 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా గేమ్ 60 దగ్గరే ఉంటోంది. కార్డు మార్చాలా?
– కర్నూలు

జవాబు: వద్దు. కేబుల్ బోర్డు పోర్టుకు పెట్టారేమో వెనక్కి తొంగి చూడండి, కార్డు పోర్టులు కింద అడ్డంగా ఉంటాయి. అది సరిగ్గానే ఉంటే విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు 144కు మార్చండి. కొత్త మానిటర్ తగిలించినా విండోస్ చాలాసార్లు 60 దగ్గరే కూర్చుంటుంది. అక్కడ 144 కనిపించకపోతే పాత హెచ్‌డీఎమ్‌ఐ తీగ తీసి డిస్‌ప్లేపోర్ట్ వాడండి. ఆఖరికి గేమ్ సెట్టింగుల్లో వీసింక్ ఆపి చూడండి. ఇన్నీ సరిచేసినా ఎఫ్‌పీఎస్ తక్కువే అయితే రిజల్యూషన్ తగ్గించి చూడండి. అప్పుడు పెరిగితే కార్డుకు శక్తి చాలట్లేదు, పెరగకపోతే ప్రాసెసర్‌కు.

ప్రశ్న: సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ ఉందన్నారు. క్రిప్టో మైనింగ్‌లో వాడారో లేదో ఎలా తెలుసుకోవాలి?
– సిద్దిపేట

జవాబు: తెలుసుకోవడం కష్టం, తెలిసినా పెద్ద ఉపయోగం లేదు. ఇప్పుడెలా ఉందన్నదే చూడండి. ఫ్యాన్లను వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగి మెల్లగా ఆగాలి. స్క్రూల మీద స్టిక్కర్లు చిరిగాయా, బోర్డు మీద ఎక్కడైనా నూనె మరక లాంటిది, రంగు మారిన చోటు ఉందా చూడండి. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెమరీ 12 జీబీ అని రావాలి, ఎందుకంటే ఇదే పేరుతో 8 జీబీది కూడా ఉంది. తర్వాత అక్కడే ఇరవై నిమిషాలు బరువైన టెస్ట్ నడపమనండి. మొదటి ఐదు నిమిషాలు ఏ కార్డైనా బుద్ధిమంతురాలే. వేడెక్కాక చుక్కలు, చారలు, నల్లతెర వస్తాయేమో చూడాలి. ఉష్ణోగ్రత 85 దాటుతుంటే పేస్టూ ప్యాడ్లూ మార్పించే ఖర్చు బేరంలో తగ్గించండి. సీరియల్ నంబరుతో వారంటీ ఎప్పటిదాకా ఉందో కంపెనీ సైట్‌లో చూసి, జీఎస్టీ బిల్లు మీద ఆ నంబరు రాయించుకోండి. టెస్ట్ చేయనివ్వని చోట కొనకండి.

పెళ్లి వీడియోల కోసం అయితే పైన తణుకు మిత్రులకు చెప్పిందే. 30 సిరీస్‌లో 4:2:2 సర్క్యూట్ లేదు. ఫోన్ వీడియోలకూ గేమ్స్‌కూ అయితే ఈ కార్డు ఇప్పటికీ మంచిదే.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి వస్తున్నాడు. గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎమ్‌పీఎస్ అక్కడ చవకట, తెమ్మనమంటారా?
– కరీంనగర్

జవాబు: అక్కడి షాపుల్లో రాసే ధరలో సేల్స్ ట్యాక్స్ ఉండదు. అది కలిపి, మన దగ్గర 18 శాతం జీఎస్టీ కలిసిన ధరతో పోల్చండి. తేడా అప్పుడు ఎంత మిగులుతుందో చూడాలి. పైగా కార్డుల వారంటీ చాలా కంపెనీలకు కొన్న దేశానికే చెల్లుతుంది. మూడేళ్లలో ఒక్కసారి పాడైనా మళ్లీ డాలస్ పంపాలి. ప్రాసెసర్ అయితే పాడయ్యేది అరుదు, చిన్న పెట్టె, తెప్పించుకోవచ్చు. ఎస్‌ఎమ్‌పీఎస్ బరువు చేటు, వద్దు. తెచ్చేసి ఉంటే దాని వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉందేమో చూడండి. 115 మీదుండగా మన ప్లగ్‌లో పెడితే ఢామ్మంటుంది. స్విచ్ లేకుండా 100–240 అని రాసుంటే భయం లేదు. దాంతో వచ్చిన అమెరికా తీగను మాత్రం అడాప్టర్‌తో వాడకండి, అది 125 వోల్టులకే చేసింది. ఇక్కడి మూడు పిన్నుల పవర్ కార్డు ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది.